మోటుపల్లి శాసనంలోని తమిళం: భాషావైవిధ్యం, రాజ్యలాభం

నేటి ఎడ్లపాడు మండలంలోని కొండవీడును రాజధానిగా చేసుకొన్న అనవోతారెడ్డి క్రీ.శ. 1358లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అది సంస్కృత, తెలుగు, తమిళ భాషలలో ఉంది. రేవుకు వచ్చే వర్తకులు అక్కడ స్థిరపడవచ్చు, ఇష్టమైనపుడు వెళ్లిపోవచ్చు, సరుకును నచ్చినవారికి అమ్ముకోవచ్చు. పుత్రులు లేక మరణించినవారి సొత్తు రాజ్యానికి చెందే అపుత్రిక పద్ధతి కూడా వారి విషయంలో రద్దయింది. 1244లో గణపతిదేవుడు ఇదే రేవులో ఓడ పగిలిన వర్తకులకు అభయమిచ్చి ఉన్నాడు.

కొండవీడు అనగానే మనకు శ్రీనాథుని విద్యాధికారం స్ఫురిస్తుంది. ఈ తమిళ భాగం మన చర్చలలోకి అంతగా రాలేదు. రాజగౌరవానికి సంస్కృతం చాలు. తమిళం ఉన్నది సుంకం చెల్లించబోయే వర్తకుని కోసం. భాషావైవిధ్యాన్ని ఆర్థిక వనరుగా వాడుకొన్న ప్రభుత్వానికి ఇంతకంటె స్పష్టమైన తెలుగునాటి ఉదాహరణ అరుదు.

ఇందులో దోషం లేదు. అభయం పొందేవానికి అర్థమయ్యే భాషలో ఉన్నపుడే రాజు మాటకు కట్టుబడినట్లు. చిక్కు మరొకచోట ఉంది. ఆ శాసనం వర్తకులను ఉద్దేశించినది. లాభమే భాషకు కొలమానమైతే, పల్నాటి తండాలలోని లంబాడీ మాటకు, ఎరుకల మాటకు ఏ రేవులో చోటు? రెండూ ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో లేవు. వెలకట్టదగినదానికి బదులు మరొకటి పెట్టవచ్చుననీ, గౌరవార్హమైనదానికి అట్టి బదులు లేదనీ కాంట్ చేసిన విభజన ఇక్కడ పనికివస్తుంది.

వనరు అన్న పేరుతోనైనా చిన్న భాషలకు నిధులు వస్తాయి కదా అనవచ్చు. ఆ వాదం బలమైనదే. అయితే లాభం చూపి తెచ్చిన నిధి లాభంతోపాటే పోతుంది. మోటుపల్లి నేడు ఓడలు ఆగే రేవు కాదు; తమిళంలో అభయం వ్రాయవలసిన అవసరమూ అక్కడ మిగలలేదు.

ఇదే మండలంలోని వంకాయలపాడులో నేడు కేంద్ర సుగంధద్రవ్యాల బోర్డు వారి స్పైసెస్ పార్కు ఉంది. మిరపలో పురుగుమందుల అవశేషాలకు హద్దులు నిర్ణయించేవి కొనే దేశాలు. కొనుగోలుదారుతో వారి భాషలో మాట్లాడటం ఎగుమతికి ఎంత అవసరమో, ఆ హద్దును మందు చల్లే కూలికి ఆమె ఇంటి భాషలో చెప్పటం కూడా ప్రభుత్వానికి అంతే విధి. రెండవదానివల్ల ఖజానాకు చేరేదేమీ లేకపోయినా సరే.