ఆశ పెట్టుకున్నది ఎవరు?

మన బడుల స్టాఫ్‌రూముల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. "వాడు ఎక్కడికో వెళ్తాడనుకున్నాం సార్, ఇలా అయిపోయాడు." పదో తరగతిలో రాష్ట్రస్థాయి దాకా ఆడి ఇప్పుడు ఆటో నడుపుకుంటున్న కుర్రాడి గురించో, పత్తి చేలో పనికి వెళ్తున్న ఆడపిల్ల గురించో ఈ మాట వస్తుంది. అనేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు, జాలితోనే అంటారు. అయినా అందులో ఒక తీర్పు ఉంది. ఆ పిల్లలు మనకేదో బాకీ పడ్డారు, తీర్చలేదు అన్నట్టు ఉంటుంది. ఆ బాకీ నిజంగా ఉందా? ఉంటే ఎవరు ఎవరికి బాకీ?

ఇంగ్లీషులో ఇలాంటివాళ్ల గురించి చెప్పేటప్పుడు 'ప్రామిస్' అనే పదం వాడతారు. మాట ఇవ్వడానికీ అదే పదం, పైకొచ్చే లక్షణాలు కనబడటానికీ అదే పదం. అందుకని ప్రతిభ ఉన్న పిల్లవాడు గెలవకపోతే ఇచ్చిన మాట తప్పినవాడిలా కనబడతాడు. తెలుగులో మనం "వాడి మీద ఆశ పెట్టుకున్నాం" అంటాం. ఈ వాక్యంలో కర్త ఎవరో చూడండి. ఆశ పెట్టుకున్నది మనం. కాకపోతే ఓడిన మర్నాడే మనమూ వాక్యం మార్చేస్తాం: "మా ఆశలు వమ్ము చేశాడు." మనం కూర్చున్న కర్త స్థానంలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టేస్తాం.

ఈ సంగతి బాగా తెలియాలంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను చూడాలి. అంత దూరపు ఆట మన పుస్తకంలో ఎందుకని అనుకోవద్దు. దాని చరిత్రలో ఆదివాసీ పిల్లల బోర్డింగు బడి ఒకటి ఉంది, అక్కడికీ వస్తాం. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తాలి, ఎదుటి జట్టువాళ్లు మీదపడి నేల కూల్చాలి. కూత లేని కబడ్డీ అనుకోండి. కాలేజీ కుర్రాళ్లు ఆడే ఈ ఆటకు లక్షమంది పట్టే స్టేడియాలున్నాయి. టీవీల నుంచి వచ్చే డబ్బు లెక్క మనకు అందదు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకీ ఎక్కువ జీతం ఫుట్‌బాల్ కోచ్‌దే. ఆడే పిల్లలకు మాత్రం దశాబ్దాలపాటు ఫీజు, గది, తిండి, పుస్తకాలే. తమ పేరు మీద తాము సంపాదించుకునే వీలు 2021లో గాని రాలేదు. ఆడినవాళ్లలో వృత్తి జట్లకు చేరేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. మిగిలిన తొంభై ఎనిమిది మందిలో బాగా మెరిసినవాళ్ల పేర్లతో అక్కడి పత్రికలు జాబితాలు వేస్తుంటాయి: పైకి రావలసినవాళ్లు, రానివాళ్లు.

ఆ జాబితాల్లో తప్పక ఉండే పేరు మార్కస్ డుప్రీ. మిసిసిపీ రాష్ట్రంలో ఫిలడెల్ఫియా అనే చిన్న ఊరు అతనిది. 1964 మేలో పుట్టాడు. మరుసటి నెలలోనే, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేస్తున్న ముగ్గురు యువకులను ఆ ఊరి దగ్గర చంపి మట్టికట్ట కింద పూడ్చారు. ఆ కేసులో శిక్షపడిన డిప్యూటీ షెరీఫ్ కొడుకూ, నల్లజాతి డుప్రీ తర్వాత ఒకే హైస్కూలు జట్టులో ఆడారు. పాత మచ్చను ఈ కుర్రాడి కాళ్లు తుడిచేస్తాయని ఊరు ఊరంతా ఆశపడింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడి మీద పెట్టిన బరువు చూడండి! అతన్ని తమ కాలేజీలో చేర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచి కోచ్‌లు పెళ్లివారిలా వచ్చారు. ఆ వెంటపడటం మీద విల్లీ మోరిస్ అనే రచయిత 1983లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

అతను ఓక్లహోమా యూనివర్సిటీలో చేరాడు. మొదటి ఏడు చివర, 1983 జనవరి 1న, ఫియస్టా బౌల్ అనే పెద్ద ఆటలో ఇంచుమించు సగం ఆటే ఆడి 239 గజాలు పరుగెత్తాడు. జట్టు ఓడింది. ఆ తర్వాత కోచ్ బారీ స్విట్జర్ అతన్ని మెచ్చుకోవలసింది పోయి, ఒళ్లు చేశాడని, సరిగ్గా ఉంటే ఇంకా ఎక్కువ పరుగెత్తేవాడని విమర్శించాడు. అదే ఏడు అక్టోబరులో టెక్సస్‌తో ఆడుతుండగా తలకు దెబ్బ తగిలింది. డుప్రీ ఇంటికి వెళ్లాడు, తిరిగి ఆ జట్టులోకి రాలేదు. వేరే లీగులో డబ్బుకు ఆడాడు. 1985లో మోకాలు చితికింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. అయిదేళ్ల తర్వాత ఒళ్లు తగ్గించుకుని, కాలు బాగు చేసుకుని లాస్ ఏంజిలిస్ జట్టులో మళ్లీ దిగాడు గానీ కొద్ది ఆటలే ఆడగలిగాడు. తర్వాత లారీ నడిపాడు. 2010లో అతని మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆ కుర్రాడితో తాను మెలిగిన తీరు సరిగా లేదని స్విట్జర్ తర్వాత ఒప్పుకున్నాడు. కోచ్‌కు ఒప్పుకోవడానికి సమయం దొరికింది. మోకాలికి దొరకలేదు.

డుప్రీ తప్పేమీ లేదని మేము అనడం లేదు. సాధన విషయంలో అతను బద్ధకించాడనే మాట ఉంది, కాలేజీని మధ్యలో వదిలింది కూడా అతనే. కాని అతని ఊరు, కాలేజీ, పత్రికలు అతని వల్ల పొందవలసింది అప్పటికే పొందేశాయి. టిక్కెట్లు అమ్ముడుపోయాయి, పుస్తకం అచ్చయింది. ఇక మిగిలింది అతని జీవితం ఒక్కటే. అది వాళ్ల ఆస్తి కాదు.

మరో పేరు ఎర్నీ డేవిస్. కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీని 1961లో అందుకున్న తొలి నల్లజాతి ఆటగాడు. రక్త క్యాన్సర్ వచ్చి, వృత్తి జట్టులో ఒక్క ఆట కూడా ఆడకుండానే 1963లో, ఇరవై మూడేళ్లకు చనిపోయాడు. అతన్ని మాట తప్పినవాడని ఎవరూ అనలేదు. రక్తం పాడైతే దురదృష్టం, మోకాలు పాడైతే అసమర్థత. రెండూ శరీరమే కదా. చనిపోయినవాణ్ణి క్షమించినంత సులువుగా బతికి మామూలు మనిషిగా తిరిగేవాణ్ణి మనం క్షమించలేం.

1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఆటగాడు రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య, కార్మికుడు పనిలో చనిపోతే ఇచ్చే పరిహారం అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇవ్వనక్కర్లేదంది. ఆటగాడు కాలేజీకి ఉద్యోగి కాడు గనుక! ఆ రోజుల్లోనే కాలేజీ క్రీడల సంఘం 'విద్యార్థి క్రీడాకారుడు' అనే మాటను తయారుచేసి అందరిచేతా వాడించింది. ఇలాంటి పరిహారాలు తప్పించుకోవడానికే దాన్ని పుట్టించామని సంఘాన్ని ఎన్నో ఏళ్లు నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆడేటప్పుడు జట్టువాడు, దెబ్బ తగిలితే విద్యార్థి. మాటలతో ఎంత పని చేయవచ్చో తెలుగు మాస్టార్లు గమనించాలి. అన్నట్టు ఆ ఫోర్ట్ లూయిస్ ఒకప్పుడు ఆదివాసీ పిల్లల బోర్డింగు బడి. 1911లో దాన్ని రాష్ట్రానికి అప్పగించినప్పుడు ఆదివాసీ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టారు. ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది. కాగితం మీద ఇచ్చిన మాట నిలబడ్డ అరుదైన సందర్భం అది. 1/70 చట్టం సంగతి తెలిసిన మనకు ఆ అరుదు ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా ముందుకాలంలో పెన్సిల్వేనియాలో కార్లైల్ ఇండియన్ స్కూలు ఉండేది. 1879లో మొదలై 1918లో మూతపడింది. గూడేల నుంచి తెచ్చిన పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు. ఆ బడి ఫుట్‌బాల్ జట్టు 1911లో హార్వర్డ్‌నూ, 1912లో సైనిక అకాడమీ జట్టునూ ఓడించింది. గ్రౌండు పేరు తెస్తుంటే తరగతి గది గురించి అడిగేవాళ్లు తక్కువ. చివరికి పిల్లలే ఫిర్యాదు చేస్తే 1914లో అమెరికా కాంగ్రెసు విచారణ జరిపింది. ఆట మీద వచ్చిన డబ్బు సంగతి కూడా అందులో బయటపడింది. అక్కడి విద్యార్థి జిమ్ థోర్ప్ 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. అంతకుముందు కొద్ది డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో వాటిని లాక్కున్నారు. అతను 1953లో చనిపోయాడు. పతకాలు తిరిగి ఇవ్వాలని 1982లో నిర్ణయించారు. అతనొక్కడే విజేత అని రికార్డుల్లో రాయడానికి 2022 దాకా పట్టింది.

మన ఏకలవ్యుడి గురించి కూడా ఎవరూ "ప్రతిభ నిలబెట్టుకోలేదు" అనరు. వేలు అడిగినవాడి పేరు కథలో ఉంది కాబట్టి. మన పిల్లల కథల్లో ఆ పేరు ఉండదు. వేలు ఒక్కసారిగా పోదు. ఇంటర్ తర్వాత హాస్టలు ఉండదు, దెబ్బ తగిలితే స్కానింగుకు డబ్బు ఉండదు, పోటీకి వెళ్లడానికి ఛార్జీలు ఉండవు. కొంచెం కొంచెంగా పోతుంది.

తోటి ఉపాధ్యాయులు కొందరు దీనికి అడ్డు చెబుతారు. క్రీడా పాఠశాలలో ఒక సీటు ఒకరికి ఇస్తే ఇంకొకరికి పోయినట్టే, ప్రజల డబ్బుతో తిన్నవాడికి బాధ్యత ఉండొద్దా అంటారు. ఉండాలి. సీటు ఉన్నన్నాళ్లు మనసుపెట్టి సాధన చేయాలి, తర్వాతి పిల్లలకు తెలిసింది చెప్పాలి. అంతవరకు అడగవచ్చు. పతకం మాత్రం అడగలేం, ఎందుకంటే అది ఎవరి చేతిలోనూ లేదు. పైగా హకీంపేట క్రీడా పాఠశాలకు పిల్లలను నాలుగో తరగతిలోనే ఎంపిక చేస్తారు. తొమ్మిదేళ్ల పిల్ల పరుగెత్తుతుంది, ఎగురుతుంది. ఒప్పందం చేయదు. కాగితం మీద సంతకం పెట్టేది తల్లిదండ్రులు, పెట్టించేది మనం.

ఆ సంతకం దగ్గర గూడెం పెద్దలు అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. కాలు విరిగితే ఎవరు చూపిస్తారు? తిరిగొస్తే ఇక్కడి బడిలో అదే తరగతిలో చేర్చుకుంటారా? నెలకోసారి ఫోనులో మా మాటలోనే మాట్లాడనిస్తారా? వీటికి జవాబులు కనుక్కుని, ఫారంతోపాటు తీసుకెళ్లాలి. ఒక తండ్రి అడిగినది ఇంకొకటి ఉంది: "సార్, నా బిడ్డ గెలవకపోయినా మీరు బజార్లో కనబడితే పలకరిస్తారు కదా?"