గుళ్ళా, కాయలా?

అమీర్‌పేటలో కోచింగ్ హాస్టళ్ళు వరసగా ఉండే ఒక సందులో ఒక కుర్రాడు ఉండేవాడు. అక్క పెళ్ళి ఆరు వారాల్లోకి వచ్చింది. పెళ్ళికని కుట్టించుకున్న షేర్వాణీ నడుం దగ్గర పట్టలేదు. దాంతో అతను క్యాలరీలు లెక్కపెట్టే యాప్ ఒకటి ఫోన్లో ఎక్కించుకుని, తిన్నదల్లా అందులో రాయడం మొదలుపెట్టాడు.

ఆ యాప్‌లో పిజ్జా ఉంది, ఓట్సు ఉన్నాయి, అమెరికా దుకాణాల్లో దొరికే పెరుగు డబ్బాలు పేరుపేరునా ఉన్నాయి. ఆ రాత్రి హాస్టల్లో వడ్డించిన బెండకాయ వేపుడు మాత్రం లేదు. లేని పదార్థాన్ని ఎవరైనా చేర్చవచ్చని కింద ఒక బటన్ ఉంది. కుర్రాడు దాన్ని నొక్కాడు. బెండకాయలో ఎన్ని క్యాలరీలుంటాయని వెతికితే 100 గ్రాములకు 33 అని వచ్చింది. అది పచ్చి బెండకాయ లెక్క. అతను అంతదూరం ఆలోచించలేదు. పేరు దగ్గర బెండకాయ వేపుడు అనీ, కొలత దగ్గర ఒక కప్పు అనీ, క్యాలరీల దగ్గర 33 అనీ కొట్టాడు. అన్నం చల్లారిపోతోందని ఫోను పక్కన పెట్టి తినడంలో పడ్డాడు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఎవరినో మోసం చెయ్యాలని అతను రాయలేదు. తన కంచంలో ఉన్నదానికి తన కోసం గుర్తుగా ఒక అంకె వేసుకున్నాడు, అంతే. పెళ్ళి అయిపోయింది, యాప్‌ను ఫోన్లోంచి తీసేశాడు. అంకె మాత్రం అక్కడే ఉండిపోయింది.

తరవాత వచ్చినవాళ్ళు బెండకాయ వేపుడు అని వెతికితే మొదట అదొక్కటే కనిపించింది. ఒకరు వాడారు, పదిమంది వాడారు. ఎక్కువమంది వాడినదాన్ని ఆ యాప్ జాబితాలో పైకి తెచ్చేది. పైకి వచ్చినదాన్నే జనం మళ్ళీ వాడేవారు. కొంతకాలానికి ఆ అంకె పక్కన, ఇది సరైనదే అని జనం పెట్టిన గుర్తులు వందలకొద్దీ చేరాయి. ఆ గుర్తులు పెట్టినవాళ్ళలో ఒక్కరు కూడా వేపుడును తూచి చూడలేదు.

మధ్యలో ఒక మంచి అంకె రాకపోలేదు. ఒక ఇల్లాలు నూనెతో సహా లెక్కకట్టి, కప్పుకి 300 అని చేర్చింది. కూరగాయకి అన్నేమిటని చూసినవాళ్ళందరూ దాన్ని దాటుకుపోయారు. ఇంకొకాయన మరింత శ్రద్ధగా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన పట్టికలు తెరిచాడు. 528 ఆహార పదార్థాల్లో ఏవి ఎంతెంత ఉన్నాయో అందులో ఉంది గానీ, అవి ఎక్కువగా వండని సరుకులు. వేపుడుకి దారి దొరక్క ఆయన బియ్యం లెక్కయినా చేరుద్దామనుకున్నాడు. ఆ పట్టికల్లో శక్తిని కిలోజౌళ్ళలో ఇచ్చారు. మనం వాడుకలో క్యాలరీ అనేది 4 కిలోజౌళ్ళకు కాస్త పైన ఉంటుంది. ఆయన అది గమనించక, బియ్యం 100 గ్రాములకు 1490 క్యాలరీలని రాసేశాడు. అది తప్పని చూడగానే అందరికీ తెలిసింది, ఎవరూ ముట్టుకోలేదు. పెద్దగా ఉన్న తప్పును జనం గుమ్మంలోనే ఆపారు. చిన్నగా, మనసుకు హాయిగా ఉన్న తప్పును మాత్రం లోపలికి పిలిచి పీట వేశారు.

ఇలా తిరుగుతూ తిరుగుతూ ఆ 33 ఒక పంతులమ్మ ఇంటికి చేరింది.

ఆవిడకు 46 ఏళ్ళు. మూడు నెలల షుగరు పరీక్షలో 6.2 వచ్చింది. ఇంకా షుగరు రాలేదనీ, పెరట్లోకి వచ్చి నిలబడిందనీ చెప్పి, ఐదారు కిలోలు తగ్గమన్నాడు డాక్టరు. కూతురు తల్లి ఫోన్లో యాప్ ఎక్కించి, రోజుకు 1400 క్యాలరీలని పెట్టి ఇచ్చింది.

పాతికేళ్ళు హాజరుపట్టీ రాసిన చెయ్యి అది. ఒక్క పూట కూడా రాయడం తప్పలేదు. రెండో కప్పు కాఫీ రాసింది, గుడిలో పెట్టిన ప్రసాదం రాసింది, పిల్లలు పుట్టినరోజని చేతిలో పెట్టిన చాక్లెట్టు కూడా రాసింది. అన్నం కప్పుకి 200 పైన చూపించింది యాప్. బెండకాయ వేపుడు కప్పుకి 33 చూపించింది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన మనిషి ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది. అన్నం సగానికి తగ్గించి, వేపుడు పెంచింది. మధ్యాహ్నం బాక్సులో ఒక కప్పు, రాత్రి ఇంట్లో ఒక కప్పు. కూరగాయ ఎక్కువ తినమని డాక్టరూ చెప్పాడు కదా అని ధైర్యంగా తింది.

నెల గడిచింది, బరువు కదల్లేదు. రెండో నెలా కదల్లేదు. మూడో నెల అరకిలో పెరిగింది. ఆవిడ రోజుల లెక్కలన్నీ వెనక్కి తిరగేసింది. ఎక్కడా 1400 దాటలేదు. అంకెల్లో తప్పు కనిపించకపోయేసరికి తన ఒంట్లోనే తప్పుందనుకుంది. థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే బాగానే ఉందన్నారు. అయితే తన మనసులోనే గట్టిదనం లేదనుకుంది. పొద్దున మూడు ఇడ్లీలను ఒకటికి తెచ్చింది, రాత్రి పెరుగన్నం మానేసింది. ఒకరోజు పదకొండు గంటలప్పుడు బోర్డు మీద లెక్క రాస్తూ కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంది. ఇంట్లోవాళ్ళు పైకి ఏమీ అనలేదు. కానీ ఎక్కడో చాటుగా తింటోందేమోనన్న చూపు ఒకటి రెండుసార్లు ఆవిడ కంటపడింది. కడుపు మాడ్చుకోవడం కన్నా ఆ చూపు ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

సంక్రాంతి సెలవులకు పుట్టింటికి వెళ్ళింది. తండ్రి పెద్దవాడైపోయాడు. నలభై ఏళ్ళపాటు పెళ్ళిళ్ళకు వండిన వంటమేస్త్రి ఆయన. ఆయన వంట సంగతి అలా ఉంచి, ఆయన రాసే సరుకుల చీటీ గురించి ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. అంత నిదానంగా, అంత వివరంగా ఎవరూ రాసేవారు కాదట.

దానికి ఒక కారణం ఉంది. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్ళికి ఆయన చీటీలో వేరుశనగలు 5 కిలోలు అని మాత్రం రాశాడు. గుళ్ళు అని రాయలేదు. కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు కాయలు తూచి పంపాడు. తెల్లవారుజామున మూట విప్పేసరికి అన్నీ కాయలే. పెళ్ళికి వచ్చిన చుట్టాలు పట్టుచీరలతోనే కూర్చుని ఒలిచారు. తొక్క పోగా గుళ్ళు మూడున్నర కిలోలు తేలాయి. అవి పులిహోరలోకి సరిపోయాయి, వేపుడులోకి చాలలేదు. పెళ్ళికూతురు తండ్రి ఏమీ అనలేదు. కొట్టువాడు తూచి పంపిన 5 కిలోల్లో తక్కినవి ఎటు పోయాయన్నట్టు ఒక్క చూపు చూశాడు. ఆ చూపును ఆయన మరిచిపోలేదు. అప్పటినుంచి ఆయన చీటీలో వేరుశనగల పక్కన గుళ్ళు అని ఉండేది. బెండకాయల పక్కన తొడిమలు తీశాక అని ఉండేది. బియ్యం పక్కన నానబెట్టక ముందు అని ఉండేది. నూనె పక్కన లీటర్లా కిలోలా అన్నది తప్పకుండా ఉండేది, ఎందుకంటే లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాములే తూగుతుంది.

పండగనాడు కూతురు అన్నం పిడికెడు పెట్టుకుని, వేపుడు కంచం నిండా వడ్డించుకోవడం ఆయన చూశాడు. సంగతి అడిగి తెలుసుకున్నాడు. ఫోను తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని ఆ అంకెను చదివాడు. ఆయనకు క్యాలరీల గురించి తెలియదు. ఆ అంకె పక్కన ఏమీ రాసి లేదన్నది మాత్రం వెంటనే కనిపించింది. పచ్చిదో వేగినదో లేదు, కప్పు ఎంతదో లేదు, నూనె మాటే లేదు. తన మొదటి చీటీ ఆయనకు గుర్తొచ్చింది.

మర్నాడు ఆయన మనవరాలి చేత వంటింటి త్రాసు తెప్పించి, పొయ్యి దగ్గర కూర్చున్నాడు. తొడిమలు తీసిన బెండకాయ 450 గ్రాములు తూచాడు. నూనె సీసాను పొయ్యకముందు ఒకసారి, పోశాక ఒకసారి తూచాడు. పెళ్ళి వంటల్లో ఆయన పద్ధతే అది, సీసాలో తగ్గినదల్లా కూరలోకి వెళ్ళినట్టే లెక్క. 55 గ్రాములు తగ్గింది. వేరుశనగ గుళ్ళు 50 గ్రాములు. వేగాక బాణలి వంచి చూస్తే అడుగున నూనె చుక్క మిగల్లేదు. కూరను తూస్తే 350 గ్రాములు వచ్చింది. పోసిన నూనె, వేసిన గుళ్ళు ఎక్కడికీ పోలేదు. బెండకాయలో నీళ్ళు మాత్రం సగానికి పైగా ఆవిరైపోయాయి.

మనవరాలు కాగితం మీద లెక్కకట్టింది. పిండిపదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకి 4 క్యాలరీలు ఇస్తే కొవ్వు 9 ఇస్తుంది. నూనెకే 495 అయింది. గుళ్ళకు 280, బెండకాయకు 150. మొత్తం 925. అంటే వేపుడు 100 గ్రాములకు 264. పంతులమ్మ కప్పులో 120 గ్రాములు పట్టింది. రోజుకు రెండు కప్పులంటే సుమారు 630. ఆవిడ మూడు నెలలుగా దానికి రాస్తూ వచ్చింది 66.

ఆవిడ చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. తరవాత కళ్ళు తుడుచుకుంది. తప్పు దొరికినందుకు కాదు, తను తప్పు చెయ్యలేదని తేలినందుకు. ఆ రాత్రి తండ్రి ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింది.

ఇంటికి వెళ్ళాక ఆవిడ వేపుడులో నూనె మూడో వంతుకు తెచ్చింది, ఇడ్లీలను మళ్ళీ మూడు చేసుకుంది. వండిన ప్రతి కూరనూ ఒక్కసారి తూచి, ఆ లెక్క గోడకున్న క్యాలెండరు వెనక రాసుకుంది. ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గింది. తొందరేమీ పడలేదు. యాప్‌లో కూడా ఒక కొత్త పద్దు చేర్చింది. తండ్రి చీటీ రాసినట్టే రాసింది: బెండకాయ వేపుడు, వేగాక తూచినది, 100 గ్రాములకు 264, తొడిమలు తీసిన కాయ 450 గ్రాములు, నూనె 55 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 50 గ్రాములు. అంత పొడుగు పేరు ఫోను తెరమీద సగమే కనిపించేది. అది జాబితాలో అడుగున పడి ఉంది. అప్పుడప్పుడు చూసుకునేది. ఏడాదికి నలుగురు వాడారు. ఆ నలుగురి కోసం ఆవిడ దాన్ని అలాగే ఉంచింది.

అమీర్‌పేట కుర్రాడు ఈలోగా పెద్దవాడయ్యాడు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, కూర్చుని చేసే పని. ఆఫీసులో ఏటా చేసే పరీక్షల్లో షుగరు గీత దగ్గరికి వచ్చిందన్నారు. అతను మళ్ళీ ఆ యాప్‌నే ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో బెండకాయ వేపుడు. పేరు కొట్టగానే అన్నిటికన్నా పైన ఒక కప్పు 33 అని వచ్చింది. దాని పక్కన సరైనదే అన్న గుర్తులు వేలల్లో ఉన్నాయి. అది తను కొట్టిన అంకేనని అతనికి గుర్తురాలేదు. ఇంతమంది చూసి ఒప్పుకున్నదని నమ్మి దాన్నే ఎంచుకుని, ఇంకో గరిటె వేసుకున్నాడు. అడుగున ఉన్న పొడుగు పేరు దాకా అతని వేలు వెళ్ళలేదు.

యాప్‌లో మనం చేర్చే అంకెను మన ముఖమైనా ఎరగని ఒక షుగరు మనిషి నమ్మి, బరువు తగ్గనప్పుడు దాన్ని కాక తననే అనుమానించుకుంటుంది. కాబట్టి చేర్చేటప్పుడు పచ్చిదా వండినదా, ఎన్ని గ్రాములు, నూనె ఎంత అన్నది పక్కన రాయాలి. అది రాయని అంకెను ఎన్ని వేలమంది ఒప్పుకున్నా, కడుపు మాడ్చుకునే ముందు మన వంటింటి త్రాసు మీద ఒక్కసారి పెట్టి చూసుకోవాలి.