సంస్కారము మానుకొనుట భక్తియా?

సంస్కారపు ఆదివారమున మన సంఘములలో ఒక సంగతి కనబడుచుండును. ప్రసంగము ముగిసి, అయ్యగారు బల్ల మీది తెల్లని గుడ్డ తీయగానే కొందరు మెల్లగా లేచి వెలుపలికి పోవుదురు. వారు అవిశ్వాసులు కారు. “పొలము గట్టు విషయమై అన్నతో మాటలు లేవు, నేనెట్లు తీసికొందును?” అని యొకరందురు. “కోడలితో పోట్లాడితిని, ఈ నెలకు వద్దు” అని మరియొకరందురు. ఈ భయమును ఎగతాళి చేయరాదు. పరిశుద్ధమైన దానిని తేలికగా ఎంచుటకంటె దానికి భయపడుట మేలు. అయినను, ప్రియులారా, ఇట్లు దూరముండుట నిజముగా భక్తియేనా?

అయోగ్యముగా తినువాడు అపరాధియగునని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట ఎవరిని గూర్చినది? ఆ సంఘములో కలిగినవారు ముందుగా తిని త్రాగి మత్తులగుచుండగా, లేనివారు ఆకలితో నిలిచియుండిరి. ప్రక్కనున్న సహోదరుని లెక్కచేయక తినుటయే అక్కడి అపరాధము. ఆ మాట తిను విధమును గూర్చినదే గాని, తినువాడు పాపరహితుడై యుండవలెనని కాదు. అట్టివాడు మనలో ఎవడు? కావుననే పౌలు, ప్రతివాడు తన్ను పరీక్షించుకొని మానుకొనవలెనని చెప్పలేదు. పరీక్షించుకొని తినవలెనని చెప్పెను.

ప్రభువు మొదట రొట్టె విరిచిన ఆ రాత్రి బల్ల చుట్టు కూర్చున్నవారెవరు? తమలో ఎవడు గొప్పవాడని ఆ బల్ల యొద్దనే వాదులాడినట్లు లూకా వ్రాసెను. తెల్లవారక మునుపే ఆయనను ఎరుగనని బొంకబోవు పేతురును అక్కడ నుండెను. ప్రభువు వారిని లేచిపొమ్మనలేదు.

అట్లయిన పగ నుంచుకొనియే పాత్ర పట్టవచ్చునా? అదియు కాదు. మలక్‌పేట గంజ్‌కు ఉల్లిగడ్డలు తెచ్చు రైతును చూడుడు. నాలుగు కుళ్ళిన గడ్డలు కనబడినవని బస్తాలన్నిటిని తిరిగి ఊరికి మోసికొని పోవునా? వాటిని ఏరి పారవేసి తూకమునకు నిలుచును. పరీక్షించుకొనుట యనగా నిదియే. బలిపీఠము నొద్ద సహోదరుని విరోధము జ్ఞాపకము వచ్చినయెడల, వెళ్లి సమాధానపడి, తిరిగి రమ్మని ప్రభువు చెప్పెను. మనము వెళ్లుట మాత్రము నేర్చుకొంటిమి; అది సహోదరుని యింటికి కాదు, మన యింటికి!

మన దేశపు సంఘ చరిత్రలోను ఈ పాఠము కలదు. వేరువేరు మిషనుల క్రైస్తవులు ఒకే ప్రభువును ఒప్పుకొనుచును ఒకే బల్ల యొద్దకు చేరలేని దినములుండెను. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్య గారు ఆ వేరుపాటును సహింపలేదు. 1919లో తరంగంబాడి సభలో ఐక్యతకై పిలుపునిచ్చినవారిలో ఆయన యొకరు. చర్చలు 28 ఏండ్లు సాగెను. ఆయన 1945 జనవరి 1న మరణించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు ఒక్క బల్ల చెంత చేరిరి. వేరు బల్ల వారికి అలవాటు కాలేదు, బాధయైనది. ఆ బాధయే వారిని ఒకరి యొద్దకొకరిని నడిపించెను.

మన సంగతి ఏమి? ఒక నెల మానితిమి, ఏడాది మానితిమి. పిమ్మట ఆ మానుకొనుటయే పగకు కావలికాయెను. గట్టు తగవు గట్టు యొద్దనే యున్నది, మనము మాత్రము ప్రభువునకు దూరమైతిమి.

కాబట్టి వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందు శనివారము సాయంకాలము అన్న గుమ్మము తొక్కుడి. ఆయన తలుపు తీయకపోవచ్చును. మీ చేతనైనంత మట్టుకు సమాధానమును కోరితిరి గనుక, మిగిలినది ప్రభువునకు విడిచి, ఉదయమున నిర్భయముగా బల్ల యొద్దకు రండి. చేయి చాచునప్పుడు ఆ అన్న కొరకును ప్రార్థించుడి. ఆ రొట్టె ఆయన కొరకును విరువబడినది.