చూపు దాటిన తూటా

తూటా నాలుగు భాగాల కూర్పు: ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటారు. తూటా చిన్నదా పెద్దదా అన్నది దాన్నిబట్టే చెబుతారు. దూరం కొట్టాలంటే గుండు పెద్దదై ఉండాలన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. అమెరికాకు చెందిన ఫెడరల్ కంపెనీ 2018లో మార్కెట్టులోకి తెచ్చిన ‘224 వాల్కిరీ’ ఆ నమ్మకాన్ని పక్కకు నెట్టిన తూటాలలో ఒకటి. దాని గుండు వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, అంటే శనగగింజ కంటే సన్నం. దూరపు గురికి వాడే బరువైన రకం కూడా ఆరు గ్రాములు తూగదు. అయినా గుండును పొడవుగా, ముక్కు సూదిగా తీర్చినందువల్ల గాలి దాని వేగాన్ని తొందరగా హరించలేదు. సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయలుదేరి, కిలోమీటరు దాటిన తరువాత కూడా అది ధ్వని కంటే వేగంగానే సాగుతుందని తయారీదారులు ప్రకటించారు.

ఆ పేరును గమనించవలసి ఉంది. ఉత్తర ఐరోపా ప్రాచీన పురాణాలలో వాల్కిరీలు యుద్ధభూమి మీద సంచరించే దేవకన్యలు. చావవలసిన వారిని ఎంచుకునేవారు అని ఆ మాటకు అర్థం. ఎవరు చావాలో నిర్ణయించే పనిని ఆ కథలు మనిషికి కాక దేవతకు అప్పగించాయి, ఆ దేవత పేరును ఈ కాలం ఒక తూటాకు పెట్టుకుంది. అయితే తూటా దేన్నీ ఎంచుకోదు. ఎంచుకునేవాడు మీట మీద వేలు పెట్టినవాడు. అతడు ఎంచుకున్న క్షణానికీ గుండు తగిలిన క్షణానికీ మధ్య కొంత కాలం గడుస్తుంది. వెయ్యి గజాల దూరానికి ఈ గుండు చేరడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది, ఆ లోపల అది మనిషి నిలువెత్తుకు నాలుగు రెట్లకు పైగా కిందికి జారుతుంది, నడిచే మనిషి రెండడుగులు వేస్తాడు. ఆ జారుడును, పక్కగాలిని ముందే లెక్కగట్టి కాల్చడం నేర్పు. లెక్కకు అందనిది ఒకటే: ఆ ఒకటిన్నర సెకనులో గురి ముందుకు ఏమి వచ్చి నిలుస్తుందన్నది. మనిషి ఎంత దూరం కొట్టగలడో అంత దూరం గుర్తుపట్టలేనప్పుడు, ఆ రెండు దూరాల మధ్య జరిగిన పనికి కర్త ఎవరన్నది ధర్మవిచారంలో చాలా పాత ప్రశ్న.

తెలంగాణలోని నిజామాబాదు జిల్లాలో ఆర్మూరును ఆనుకుని ఉన్న పెర్కిట్ ప్రాంతంలో ఈ ప్రశ్నకు మట్టి వాసన ఉంది. ఇక్కడి రైతులు తొలకరిలో పసుపు పెట్టి, దానిలోనే మొక్కజొన్న వేస్తారు. భాద్రపదం నాటికి చొప్ప మనిషి తలను మించి పెరిగి, కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు చేలో పడతాయి. అవి తిన్నదానికంటే తొక్కి విరిచినదే ఎక్కువ. ఒక్క రాత్రిలో చేను మధ్యలో బండి తిప్పినంత మేర నేలమట్టమవుతుంది. పూర్వం మంచె మీద కావలి ఉండేవాడి చేతిలో వడిసెల ఉండేది, దాని రాయి కంటిచూపు ఆనినంత మేరకే పోయేది. తరువాత బర్మారు తుపాకి వచ్చింది. గొట్టం మూతి నుంచి మందు కూరి కాల్చే ఆ తుపాకిని నిజమైన పంట కాపలాకు ఇవ్వవచ్చునని 1959 నాటి ఆయుధాల చట్టమే చెబుతుంది. దాని దెబ్బ కొన్ని పదుల గజాలలోనే తేలిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పంటకు ముప్పు తెచ్చే కొన్ని జంతువులను అనుమతితో చంపడానికి వీలు కల్పించింది. తెలంగాణలో అడవిపందుల విషయంలో ఆ అనుమతి అధికారం గ్రామ సర్పంచు దాకా దిగివచ్చింది. దూరపు తూటా ఈ నేలకు తగినది కాదు. ఊరికీ ఊరికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లే ఉండే ఈ చోట గురి తప్పిన రైఫిలు గుండు ఒక ఊరి చేలో బయలుదేరి మరొక ఊరి పొలిమేరలో వాలగలదు. ఆయుధం చేతికి ఎంత దూరాన్ని ఇచ్చినా, కంటికి అంత దూరాన్ని ఇవ్వలేదు.

తెలుగులో ‘గురి’ అన్న మాటకు ఉన్న రెండు అర్థాలు ఇక్కడ పనికి వస్తాయి. గురి చూసి కొట్టాడంటారు; గురువు మీద గురి కుదిరిందనీ అంటారు. నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కి సిద్ధేశ్వరుణ్ణి కొలిచే ఆర్మూరు భక్తునికి గురి అంటే నమ్మకం, మనసు ఒక చోట నిలవడం. సంస్కృతంలోని ‘లక్ష్యం’ అన్న మాట కూడా చూడడం, గుర్తించడం అన్న అర్థాలు గల ధాతువు నుంచే పుట్టింది. ఈ మాటల ప్రకారం చూస్తే, గుర్తుపట్టనిదాన్ని కొట్టినవాడు అది తగిలినా గురి చూసినవాడు కాడు.

శంకరాచార్యుల పేరిట ప్రచారంలో ఉన్న వివేకచూడామణి ప్రారబ్ధాన్ని, అంటే ఇప్పటికే ఫలించడం మొదలైన కర్మను, ఒక బాణంతో పోల్చి చెబుతుంది. పులి అనుకుని ఒకడు బాణం వేశాడు. వేసిన తరువాత అది ఆవు అని తెలిసింది. తెలిసినంత మాత్రాన బాణం ఆగదు, అంతే వేగంతో పోయి తగులుతుంది. జ్ఞానం కలిగినా ప్రారబ్ధం అనుభవించక తీరదని చెప్పడానికి తెచ్చిన పోలిక ఇది. వేదాంతులు దీనిని ఎక్కువగా బాణం వైపు నుంచే వ్యాఖ్యానించారు. విల్లు పట్టినవాని వైపు నుంచి చూస్తే ఈ పోలిక మరింత కఠినమైనది: అతని జ్ఞానం సత్యమైనదే, సంపూర్ణమైనదే, కాని ఆలస్యమైనది. దూరపు తూటా చేసే పని ఈ ఆలస్యానికి చోటు పెంచడం.

ఈ ప్రశ్న మీద రామాయణం చేసినంత లోతైన విచారం మరొకటి కనిపించదు. వాల్మీకి అయోధ్యాకాండలో దశరథుడు చనిపోయే రాత్రి కౌసల్యకు తన యౌవనంలో జరిగిన సంగతి చెబుతాడు. శబ్దాన్ని విని, చూడకుండానే కొట్టగల శబ్దవేధిగా అప్పటికే ఆయనకు పేరు వచ్చింది. వానాకాలపు చీకటిలో సరయూ తీరాన కడవ మునిగే చప్పుడు వినిపిస్తే ఏనుగు అనుకుని బాణం విడిచాడు. అటు నుంచి మనిషి గొంతు వినిపించింది. ఆ మునిబాలకుణ్ణి తరువాతి సంప్రదాయం శ్రవణకుమారుడు అన్నది. పండితులు ఈ కథను శాపం దగ్గర, పుత్రశోకం దగ్గర ముగిస్తారు గాని, వాల్మీకి నిలిపి చూపినది వాటి మధ్యలో ఉన్న నడక. బాలకుని ప్రాణం పోయాక దశరథుడు కడవ నింపుకుని, అతడు చెప్పిన కాలిబాట పట్టి ఆశ్రమానికి నడుస్తాడు. బాణం క్షణంలో దాటిన దూరాన్ని, దానికి అవతల ఉన్న దారిని, ఆయన అడుగు అడుగుగా దాటవలసి వచ్చింది. అడుగుల చప్పుడు విన్న గుడ్డి తండ్రి, ఇంత ఆలస్యమెందుకు చేశావు, నీళ్ళు తెమ్మని కొడుకుతో మాట్లాడినట్లే మాట్లాడతాడు. చప్పుడును నమ్మి కడవను ఏనుగనుకున్నవాణ్ణి, చప్పుడును నమ్మి తండ్రి కొడుకనుకున్నాడు. ఒకే పొరపాటు; కాని వృద్ధుని పొరపాటు ఎవరినీ చంపలేదు, ఎందుకంటే అతని చేతిలో విల్లు లేదు.

ఆ తండ్రి చెప్పిన తీర్పు రెండు ముక్కలుగా ఉంది. తెలియక చేశావు కనుక బతికి ఉన్నావు, తెలిసి చేసి ఉంటే నీ వంశమే మిగిలేది కాదు అన్నది ఒకటి. అయినా నా వంటి శోకంతోనే నీవు చనిపోతావు అన్నది రెండవది. అజ్ఞానం పాపాన్ని తగ్గిస్తుంది, తుడిచివేయదు. ఎందుకు తుడిచివేయదన్నదానికి జవాబు దశరథుని మాటల్లోనే ఉంది: శబ్దవేధి అన్న కీర్తి పొందినవాడై తాను ఈ పాపం చేశానని ఆయన తన నేర్పునే నేరంలో కలిపి చెప్పుకున్నాడు. చూడకుండా కొట్టగల నేర్పును కోరి సంపాదించినవాడు, చూడలేదు అన్న సాకును ముందే పోగొట్టుకున్నాడు.

జైనులు ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా విడదీశారు. గృహస్థు చేసే హింసను వారు నాలుగు విధాలన్నారు: చంపాలనే తలంపుతో చేసే సంకల్పి, వంట వంటి ఇంటిపనుల్లో తప్పని ఆరంభి, సేద్యం వంటి వృత్తిలో జరిగే ఉద్యోగి, ఆత్మరక్షణలో ఎదురుతిరిగే విరోధి. గృహస్థుకు పూర్తిగా నిషిద్ధమైనది మొదటిది. పంట కాపాడుకునే పెర్కిట్ రైతును ఈ కొలతతో చూస్తే అతడు క్రూరుడు కాడు. ఉద్యోగికీ విరోధికీ నడుమ ఎక్కడో నిలిచిన మనిషి. ఆ మాట చెప్పక ముందు అహింసను బోధించడం అన్యాయం. అయితే ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసకు మూలం ‘ప్రమాదం’ అన్నది. ఆ మాటకు అక్కడి అర్థం ఏమరుపాటు, ఒళ్ళు తెలియని తనం. తెలుగులో అదే మాట ఎవరి తప్పూ లేకుండా జరిగిపోయిన ఆపదకు పేరైంది. ‘ప్రమాదవశాత్తు’ అని పత్రికలు రాసిన చోట, ఎవరో ఏమరిచారన్న పాత అర్థం కనబడకుండా పోతుంది. ఏమరుపాటుకు ఎదురుగా చూపును నిలిపిన జైన కథ ఒకటి పెర్కిట్‌కు దగ్గరిదే. ఇదే నిజామాబాదు జిల్లాలోని బోధన్‌ను పలువురు చరిత్రకారులు బాహుబలి రాజధాని పోదనపురంగా గుర్తించారు. జైన పురాణం ప్రకారం భరత బాహుబలుల సేనలు ఎదురుపడినప్పుడు మంత్రులు యుద్ధాన్ని ఆపి, అన్నదమ్ములిద్దరినే పోరాడమన్నారు. ఆ పోరులో మొదటిది దృష్టియుద్ధం, అంటే రెప్ప వేయకుండా ఒకరి కళ్ళలోకి ఒకరు చూడడం.

భగవద్గీతలోని ‘నిమిత్తమాత్రం’ అన్న మాటను ఇటువంటి సందర్భాలలో అడ్డం పెట్టుకోవడం ఉంది: చంపేది కాలం, మనిషి పనిముట్టు మాత్రమే అని. ఆ మాట పదకొండవ అధ్యాయంలో వస్తుంది. మొదటి అధ్యాయంలోనే అర్జునుడు తన రథాన్ని రెండు సేనల నడుమ నిలపమని, ఎవరితో పోరాడవలసి ఉందో వారిని చూస్తానని అడిగాడు. ఎంతో దూరం కొట్టగల విలుకాడు ముందు దగ్గరికి వెళ్ళి ముఖాలు చూశాడు; తాతను, గురువును, మేనమామలను గుర్తుపట్టాడు; విల్లు జారవిడిచాడు. గీత అంతా ఆ చూపు నుంచి పుట్టింది. చూడనివాడికి నిమిత్తమాత్రం అన్న మాట వర్తించదు, ఎందుకంటే అతనికి సందేహమే కలగలేదు.

తుపాకిని తప్పుపట్టేవారు ఇక్కడ మరొక సంగతి ఒప్పుకోవాలి. తెలంగాణ పల్లెల్లో అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు మనుషులు బలి కావడం తరచు వినే వార్త. తుపాకి పట్టి మంచె మీద కూర్చున్నవాడు కనీసం మెలకువగా ఉంటాడు. చొప్ప కదిలితే లైటు వేసి చూడగలడు, సందేహమైతే వేలు తీసుకోగలడు. తీగకు ఆ అవకాశం లేదు. మోకాలి ఎత్తున గడ కర్రలకు చుట్టిన జి.ఐ. తీగకు మోటారు కరెంటు తగిలించి ఇంటికి వెళ్ళినవాడు గురి చూడలేదు, మీట నొక్కలేదు, ఆ సమయానికి అక్కడ లేడు కూడా. దూరపు తూటాకు ఒకటిన్నర సెకను ఉన్న చోట తీగకు రాత్రంతా ఉంది. చేనికి నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క రైతు, గొర్రె కోసం వెదికే పిల్లవాడు ఆ రాత్రిలో ఎప్పుడైనా అటు నడవవచ్చు. తెల్లవారి మంచులో, చొప్ప ఆకుల తడి చేతులకు తగులుతుండగా, తీగ పెట్టినవాడు చేను గట్టు వెంట నడిచి వెళ్ళి, కరెంటు తీసి, చొప్ప విరిగిన చోట ఆకులు పక్కకు జరిపి చూసేవరకు, అక్కడ పడి ఉన్నది పందో మనిషో అతనికి తెలియదు.