నోటుబుక్కులో పాట ఉంది, వరస లేదు: మా కోసిగి భజన గురించి

మొన్న మంత్రాలయం ఆరాధన మీద చేసిన వీడియోలో ఒక మాట సగంలో వదిలేశాను. "మా ఊరి భజన గురించి ఇంకోసారి చెప్తా" అని దాటేశాను. టైమ్ లేక కాదు. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది కోసిగి. గుంతకల్లు నుంచి రాయచూరు పోయే రైలు లైనులో ఆదోని దాటాక, మంత్రాలయం రోడ్డుకు ముందు వస్తుంది. తెలుగు, కన్నడం కలిసిపోయిన ఊళ్ళు మావి. మాట తెలుగులో మొదలై కన్నడంలో ముగిసినా ఎవరూ పట్టించుకోరు. దేవుడి పాటా అంతే. శ్రావణ శనివారం రాత్రి మా వీధి ఆంజనేయస్వామి గుడి ముందు భజన కూర్చుంటే ముందు గణపతి పాట, తర్వాత రామదాసు కీర్తన, ఆ తర్వాత బ్రహ్మంగారి తత్వం, మధ్యలో పురందరదాసు, తెల్లవారుజామున మంగళహారతి. ఇది కన్నడ పాట, ఇది తెలుగు పాట అని విడదీసి పాడిన రోజు నాకు గుర్తులేదు. ఒక హార్మోనియం, ఒక డోలక్, నాలుగైదు జతల తాళాలు, చిడతలు. మైకు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇప్పుడు ఆరాధన సంగతి. రాఘవేంద్రస్వామి 1671లో శ్రావణ బహుళ విదియ నాడు బృందావన ప్రవేశం చేశారు. 2021లో 350వ ఆరాధన జరిగింది. పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అని మూడు రోజులు ముఖ్యం, మొత్తం ఏడు రాత్రుల ఉత్సవం. ప్రతి సాయంత్రం వేదిక మీద కచేరీలు ఉంటాయి. కర్ణాటక సంగీతం, హిందుస్తానీ, దాసుల పదాలు మాత్రమే పాడే దాసవాణి, అన్నీ వినొచ్చు. పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి సేవగా పాడి పోతారు. అది మీలో చాలామంది చూసే ఉంటారు. కానీ అర్ధరాత్రి దాటాక అక్కడి వీధుల్లో ఒకసారి నడవండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, నది అవతల రాయచూరు వైపు నుంచి నడిచొచ్చిన భజన గుంపులు ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుని పాడుతుంటాయి. సత్రం వరండా, తుంగభద్ర మెట్లు, మూసేసిన షాపు ముందు అరుగు, ఏదైనా సరే. నాకు అసలు కచేరీ అదే అనిపిస్తుంది. వేదిక మీది కచేరీని తక్కువ చేయడం కాదు. ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో ఈ అరుగుల మీద తెలుస్తుంది, అంతే.

రాయలవారికీ పాటకూ ఉన్న సంబంధం చిన్నదేం కాదు. ఆయన ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పారని గురుచరిత్ర చెప్తుంది. స్వామి కూడా పూర్వాశ్రమంలో వేంకటనాథుడిగా ఉన్నప్పుడు వీణలో దిట్ట. ఇంకా వెనక్కి వెళితే, మన సంప్రదాయంలో ఆయన ప్రహ్లాదుడి అవతారం, ఆ తర్వాత వ్యాసరాయల అవతారం. ఆ వ్యాసరాయల శిష్యులే పురందరదాసు, కనకదాసు. మీ ఇంట్లో ఏ చిన్నపిల్లో ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకుంటూ మాయామాళవగౌళలో సరళీ వరసలు పాడుతుంటే, ఆ పాఠం క్రమం పెట్టింది పురందరదాసే. కనకదాసు కురుబవాడు. మా వైపు దేవరగట్టు మాళమల్లేశ్వరుడి దగ్గర దసరాకి డమరుకం, పిల్లనగ్రోవి పట్టుకుని, ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకుని ఆడే గొరవయ్యలు కూడా ఎక్కువమంది కురుబలే. గొరవయ్య పాటని జానపదం అని ఒక డబ్బాలో, దాసుల పదాన్ని శాస్త్రీయం అని ఇంకో డబ్బాలో వేయడం మనలాంటి చదువుకున్నోళ్ళ అలవాటు. వ్యాసరాయలకి ఆ అలవాటు లేదు.

దాసుల పరంపర హంపీతో ఆగిపోలేదు. దాని రెండో వెల్లువ పుట్టింది అచ్చంగా మా చుట్టుపక్కలే. విజయదాసులది తుంగభద్ర ఒడ్డున చీకలపర్వి, మాన్వి దగ్గర. ఒకే పాటలో తాళాలు మారుతూ సాగే సుళాదులకు ఆయనే పెద్ద పేరు. చివరి రోజులు గడిపింది గుంతకల్లు పక్కన చిప్పగిరిలో. 1755లో అక్కడే దేహం వదిలారు. కార్తీక శుద్ధ దశమికి ఆయన ఆరాధన. చిప్పగిరి మన ఆంధ్రలోనే ఉందని కర్నూలువాళ్ళకే చాలామందికి తెలియదు, అది వేరే బాధ.

విజయదాసుల చుట్టూ ఒక కథ చెప్తారు. నేను ఈ పోస్టు రాయడానికి కారణం ఆ కథే.

మాన్విలో శ్రీనివాసాచార్యులని ఒక మహా పండితుడు ఉండేవారు. సంస్కృతంలో తిరుగులేనివాడు. విజయదాసులు ఆ ఊరు వచ్చి, భోజనానికి రమ్మని పిలిచారు. తాళాలు కొట్టుకుంటూ కన్నడంలో పాటలు పాడుకునే మనిషి పంక్తిలో నేను కూర్చోవడమా అనుకున్నారు ఆచార్యులు. ఆ మాట పైకి అనలేదు. కడుపునొప్పి అని చెప్పి తప్పించుకున్నారు. తర్వాత నిజంగానే కడుపునొప్పి వచ్చింది. మందులకి లొంగలేదు. మంత్రాలయం వచ్చి రాయలవారి సేవ చేస్తే, స్వప్నంలో "విజయదాసుల దగ్గరికి పో" అని ఆజ్ఞ అయింది. విజయదాసులు తన శిష్యుడు గోపాలదాసుల దగ్గరికి పంపారు. ఆయన తన ఆయుష్షులోంచి నలభై ఏళ్ళు తీసి ఈయనకు ధారపోశారట. ఆ పండితుడే జగన్నాథదాసు అయ్యారు, ఏ భాషలో పాడితే చిన్నచూపు చూశారో అదే కన్నడంలో హరికథామృతసారం రాశారు.

ఈ కథ వీడియోల్లో చెప్పేటప్పుడు అందరం నలభై ఏళ్ళ దగ్గర ఆగుతాం, అక్కడ కళ్ళు చెమరుస్తాయి కాబట్టి. నాకు మాత్రం ఆ అబద్ధం దగ్గరే కాలు ఆగిపోతుంది. ఎంత చిన్న అబద్ధం! ఎవరికీ నష్టం లేదు. ఎదుటి మనిషిని నొప్పించకుండా చెప్పిన మర్యాదైన అబద్ధం.

నేనూ అదే చెప్పాను.

మా వీధి భజనకి ఒక తాత ఉండేవాడు. ముందు పాడేది ఆయనే, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తాళం చేతికిచ్చేవాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో శ్రావణానికి ఇంటికొచ్చాను. కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరు కూడా నాతో వచ్చారు. శనివారం సాయంత్రం తాత గడప దగ్గరికొచ్చి, "ఏమప్పా, రాత్రికి వస్తివా? తాళం పట్టేకి మనిషి లేడు" అన్నాడు. ఫ్రెండ్స్ ముందు ఆ పంచె, ఆ తాళాలు, ఆ మాట, అన్నీ నాకు సిగ్గనిపించాయి. "తలనొప్పి తాతా" అన్నాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగానే ఉంది, పండుకో" అని వెళ్ళిపోయాడు. చల్లగా ఉందని తెలిసింది కదా ఆయనకి. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

నాకు జబ్బేం రాలేదు. ఉద్యోగం వచ్చింది, బెంగళూరు వచ్చాను, ఈ ఛానల్ కోసం స్క్రిప్టులు రాస్తున్నాను, భక్తి గురించి వేలమందికి చెప్తున్నాను. తాత రెండేళ్ళ కిందట పోయాడు.

ఈ శ్రావణంలో ఊరికి పోతే భజనకి నలుగురే ఉన్నారు. కారణం అందరికీ తెలిసిందే. మా వైపు వానలు నమ్ముకుంటే కడుపు నిండదు. దీపావళి దాటితే ఇళ్ళకి తాళాలు వేసి సుగ్గికి పోతారు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు, కొందరు బెంగళూరులో బిల్డింగు పనులకి. పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోతారు. ఉగాది దగ్గరపడితే తిరిగొస్తారు. మా ఊళ్ళో భజన లేకపోవడానికి భక్తి తగ్గడం కారణం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. డోలక్ వాయించే అన్న నేనుండే ఊళ్ళోనే, నా ఆఫీసుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆయన భక్తి తగ్గిందో, నాది తగ్గిందో మీరే చెప్పండి.

ఆ నలుగురిలో ఒకాయన గుడి బీరువాలోంచి తాత నోటుబుక్కు తీసిచ్చాడు. అట్టకి ప్లాస్టిక్ కవరు కుట్టి ఉంది. అన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. కన్నడ దాసుల పదాలు కూడా తెలుగు అక్షరాల్లో, విన్నది విన్నట్టు రాసుకున్నాడు. మొత్తం అరవై పైన పాటలు. చాలావాటికి వరస మా వాళ్ళకి వచ్చు. పద్నాలుగు పాటలకి మాత్రం ఎవరికీ రాదు. ఆ పాటలు తాత ఒక్కడే పాడేవాడు. యూట్యూబ్‌లో వెతికాను. కొన్ని దొరికాయి, కానీ వేరే వరసలో, కచేరీ పద్ధతిలో ఉన్నాయి. "ఇది కాదప్పా, మాది ఇట్ల కాదు" అన్నారు నలుగురూ. ఎట్లనో మాత్రం పాడి చూపలేకపోయారు. నోటుబుక్కులో అక్షరాలు ఉంటాయి, వరస ఎట్లా ఉంటుంది? అది చెవిలో ఉండాలి.

ఇక్కడ ప్రహ్లాదుడి దగ్గరికి రావాలి. భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బడిలో నేర్చుకున్నవాటిలో మంచిది ఒకటి చెప్పమంటాడు. మన అమ్మానాన్నలు అడిగినట్టే. దానికి జవాబుగా వచ్చినవే నవవిధ భక్తులు: శ్రవణం, కీర్తనం, స్మరణం, అలా ఆత్మనివేదనం దాకా. నేను ఈ వరుస మీద రెండు వీడియోలు చేశాను. రెండిట్లోనూ కీర్తనం గురించి పది నిమిషాలు, శ్రవణం గురించి అర నిమిషం. వినడంలో చెప్పడానికి ఏముందిలే అనుకున్నాను. కానీ ప్రహ్లాదుడు మొదట పెట్టింది దాన్నే. ఎందుకు పెట్టడు? ఆయనకి వచ్చిందంతా విని వచ్చిందే. తల్లి కయాధువు, మన సినిమాల్లో లీలావతి, నారదుడి ఆశ్రమంలో ఉన్నప్పుడు గర్భంలో ఉండి విన్నాడు. నారదుడు చెప్పింది తల్లికి. కాలం గడిచి తల్లి మరిచిపోయింది, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ రెండో శ్రోతకి అంతా గుర్తుంది. పాడేవాళ్ళ పేర్లు మనం రాసిపెట్టుకుంటాం. వింటున్నది ఎవరో చూడం. నేనైతే చూడలేదు.

మరుసటి రోజు పొద్దున తాత ఇంటికి పోయాను, నోటుబుక్కు తిరిగిద్దామని. అవ్వ ఒక్కతే ఉంది. ఎవరివప్పా అని అడిగి, నాయన పేరు చెప్తే గుర్తుపట్టింది. తలనొప్పి సంగతి చెప్పి క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. నోరు పెగల్లేదు. దాని బదులు ఆ పద్నాలుగు పాటల గోల చెప్పాను. అవ్వకి చదువు రాదు. "మొదటి మాట సదువు" అంది. చదివాను. కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత మొత్తం పాట పాడింది. గొంతు సన్నంగా, అక్కడక్కడా ఆగుతూ వచ్చింది గానీ వరస ఎక్కడా తడబడలేదు.

నలభై ఏళ్ళు గుడి బయట అరుగు మీద కూర్చుని విందట. ఒక్కసారి కూడా పాడలేదా అవ్వా అంటే, "నన్నెవరు అడిగిరి?" అంది. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది.

నేను ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టబోతే దాన్ని చూసి గొంతు బిగబట్టుకుంది. తీసేశాను. మళ్ళీ పాడింది. ఒక పాట వచ్చేదాకా పక్కన కూర్చుని పాడించింది నాతో. తప్పు పాడితే మోకాలి మీద ఒక దెబ్బ. మధ్యాహ్నానికి ఒక్క పాట పట్టుబడింది.

అప్పటి నుంచి శుక్రవారం రాత్రి రైలెక్కుతున్నా. తెల్లారకముందే ఆదోనిలో దిగి, ఉగ్గాని బజ్జి తిని, కోసిగి బస్సు పట్టుకుంటే పొద్దున్నే అవ్వ ఇంట్లో ఉంటాను. పోయినవారం సెంట్రింగ్ పని చేసే అన్న కూడా నాతో వచ్చాడు, డోలక్ ఆయనది కాబట్టి. ఇప్పటికి మూడు పాటలు వచ్చాయి. ఇంకా పదకొండు ఉన్నాయి. దీపావళి కాగానే అవ్వని కొడుకు తనతో సుగ్గికి తీసుకుపోతాడు, అక్కడ పిల్లల్ని చూసుకునేవాళ్ళు కావాలి. అంతలోపు నాకు ఐదు శనివారాలు ఉన్నాయి.