బలము గెలిచిన తరువాత

పెద్ద చేప చిన్న చేపను మ్రింగును. దీనిని మన పూర్వులు మత్స్యన్యాయమనిరి. దండధరుడైన రాజు లేనిచోట ఈ న్యాయమే చెల్లునని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పెను. ఒక రాజ్యములోని ప్రజలకు రాజున్నాడు సరే. రాజ్యములన్నింటి మీదను దండము పట్టగల రాజెవ్వడు? ఎవ్వడును లేడు. కావున రాజ్యముల నడుమ బలమే తీర్పరి యనియు, ఒడంబడికలును నీతివాక్యములును బలమునకు తొడిగిన అంగీలు మాత్రమే యనియు వాదించు పండితులు కలరు. వారిని వాస్తవికవాదులందురు. క్రీ.పూ. 416లో ఏథెన్సువారు మెలోస్ అను చిన్న ద్వీపముపై దండెత్తినపుడు జరిగిన సంవాదమును గ్రీకు చరిత్రకారుడు థూసిడైడిస్ వ్రాసిపెట్టెను. న్యాయము మాట సమబలుల నడుమనే పొసగునని ఏథెన్సు దూతల వాదము. మెలోస్ వారు దైవమును, స్పార్టా సాయమును నమ్ముకొనిరి. సాయము రాలేదు. ఏథెన్సువారు పురుషులను చంపి, స్త్రీలను పిల్లలను బానిసలను చేసిరి.

తెలంగాణమునకు ఈ కథ దూరమైనది కాదు. 1947లో బ్రిటిషువారు వెడలిపోవు నాటికి నిజాము రాజ్యమునకు సొంత నాణెము, సొంత తపాలా, సొంత రైలు, సొంత సైన్యము ఉండెను. ఆ నవంబరు 29న భారత ప్రభుత్వముతో ఒక్క సంవత్సరమునకు యథాతథపు ఒడంబడిక కుదిరెను. గడువు తీరకమునుపే ఇరుపక్షములవారును ఒండొరులపై దాని భంగమును మోపుకొనిరి. 1948 ఆగస్టులో నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారతసైన్యము సరిహద్దు దాటెను. 16న భద్రతా మండలి పారిసులో ఆ ఫిర్యాదును చేపట్టెను. 17న నిజాము లొంగిపోయెను. విచారణ మొదలైన మరునాటికే విచారింపవలసినది లేకపోయెను! వాస్తవికవాదమును శాస్త్రముగా కూర్చిన హన్స్ మోర్గెంథావ్ గ్రంథము అమెరికాలో వెలువడినదియు ఆ 1948లోనే.

అయినను సైన్యముల లెక్కతోనే ఈ కథ తెగదు. అంత రాజ్యము అయిదు దినములలో ఏల కూలెను? 1940లో ఆదిలాబాదు అడవులలో, జోడేఘాటున, కొమురం భీము నిజాము పోలీసుల కాల్పులలో మరణించెను. బలాబలముల లెక్కలో అది ప్రభుత్వమునకు విజయము. కాని ఆ తరువాతనే గోండుల స్థితిని పరిశీలింపుమని హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని ప్రభుత్వమే నియోగించెను. ఆ దశాబ్దముననే గిరిజనులకు భూముల పట్టాలిచ్చెను. తుపాకి గెలిచినచోట పట్టా ఏల ఈయవలసి వచ్చెను? 1948 మార్చిలో కరీంనగరు జిల్లా మహమ్మదాపురమున అనభేరి ప్రభాకరరావు నిజాము బలగములతో పోరాడి నేలకొరిగెను. ప్రజల మనసు విరిగిన రాజ్యము పైకి ఎంత గట్టిగా కనబడినను లోన బోలు. మోర్గెంథావ్ కూడ జాతి మనోబలమును, ప్రభుత్వపు గుణమును బలములోనే చేర్చి లెక్కించెను. అది ఆయన వివేకము. కాని అట్లు చేర్చినపుడు, వాకిట నిలిపివేసిన ధర్మమును దొడ్డిదారిన లోనికి రానిచ్చినట్లే.

శరణుల చరిత్ర ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. బిజ్జలుడు చాళుక్యుల సామంతుడై యుండి, ప్రభువు బలహీనుడైన అదను చూచి కల్యాణమును చేజిక్కించుకొనెను. బసవేశ్వరుడు ఆ రాజునకే భండారి. హరళయ్య మధువయ్యలకు బిజ్జలుడు ఘోరమైన మరణదండన విధించెనని సంప్రదాయము చెప్పును. బసవన్న అధికారము కొఱకు ఖడ్గము పట్టలేదు. పదవిని విడిచి కూడలసంగమమునకు వెడలెను. బిజ్జలుడు హతుడైన పిమ్మట రెండు దశాబ్దములు నిండకమునుపే కలచురులకు కల్యాణము చేజారెను.

ఆ కల్యాణమున్న బీదరు సీమ కథయే 1948లో మరల ముందుకు వచ్చుచున్నది. సైన్యము గెలిచెను, రజాకార్ల పీడ విరగడయ్యెను. ప్రజలకు అది ఊరటయే. కాని వెనువెంటనే, రజాకార్లతో ఏ పొత్తును లేని సామాన్య ముస్లిముల మీద ఎన్నో ఊళ్ళలో ప్రతీకారము సాగెను. నెహ్రూ ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము ఆ సంవత్సరాంతమున పర్యటించి, మృతులు 27 వేలకును 40 వేలకును నడుమ నుందురని అంచనా కట్టెను. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలిగా దెబ్బతిన్నవని తేల్చెను. నాందేడు ఆదిలాబాదునకు పొరుగు. బీదరు శరణుల నేల. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దముల పాటు ప్రకటింపలేదు.

ఎవరు గెలిచిరను ప్రశ్న సెప్టెంబరు 17న తీరెను. గెలిచిన పక్షమున నున్నవాడు పొరుగింటివాని పట్ల ఏమి చేయవలెనను ప్రశ్న ఆ మరునాడే ఇంటింటి గడపకు వచ్చెను. దానికి బలశాస్త్రమున సమాధానము వెదకిన దొరకదు. ఆ నివేదికలోనే మరియొక సంగతి కలదు. కొన్నిచోట్ల హిందువులైన నేతపనివారు ముస్లిము నేతపనివారిని కాపాడుటకై దాడికి వచ్చిన హిందువులకే అడ్డు నిలిచిరి. అందు ప్రాణములు కోల్పోయినవారును కలరు. వారి వెనుక సైన్యము లేదు, ఒడంబడిక లేదు. ఇరువురిదియు మగ్గము కాయకమే.