రూపాయి పక్కన తేదీ రాసుకో అమ్మలూ

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితాలు రెండూ చూశాను. పాలసీకి మొదటి ప్రీమియం కట్టేశావట. ఫ్లాటుకి ఇంకా కట్టలేదట. కట్టకముందే అడిగావు, సంతోషం. మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, దానికి నువ్వే చెప్పు, నా మాట వినడం లేదు" అన్నాడు. చిన్నప్పుడు వాడు నా మాట విన్నదెప్పుడు కనక! అది వాళ్ళింటి వరస.

కొనమనో మానమనో చెప్పడానికి రాయడం లేదు. నీ సంపాదన, నీ ఇష్టం. లెక్క ఎలా వెయ్యాలో మాత్రం చెప్తాను. వేశాక ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది.

ఆ రెండు కాగితాల్లోనూ డబ్బు అంకెలు బొద్దుగా అచ్చేశారు. తేదీల కోసం మాత్రం కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాల్సి వచ్చింది. "20 లక్షలు కట్టండి, 37 లక్షలు పొందండి." ఎప్పుడు కట్టే 20, ఎప్పుడొచ్చే 37? ఇవాళ్టి లక్షా, ఇరవయ్యేళ్ళ తర్వాతి లక్షా ఒకటి కావు. ఇవాళ చేతిలో ఉన్నదాన్ని పోస్టాఫీసులో పడేసినా పెరుగుతుంది, రేపెప్పుడో వచ్చేదానికి ఆ అవకాశం లేదు. అందుకని ప్రతి రూపాయి పక్కనా దాని తేదీ రాసుకో. నేను చెప్పబోయేదంతా ఇంతే, మిగతావన్నీ కూడికలూ భాగాహారాలూ.

ఈ సంగతి ఏ కాలేజీలోనో నేర్చుకోవాల్సింది కాదు. మన తెనాలి చుట్టుపక్కల ఏ రైతునడిగినా చెప్తాడు, కాకపోతే అతనికి ఇది అప్పు తీసుకునే వైపు నుంచి తెలుసు. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాశాడనుకో. నెలకి 2,000, ఏడాదికి 24,000, మూడేళ్ళకి 72,000. ఇంతవరకూ బారువడ్డీ. కానీ ప్రోనోటుకి మూడేళ్ళే కాలం. ఈలోగా చెల్లు వెయ్యకపోతే కాలదోషం పడుతుంది. అందుకని గడువు దగ్గరపడగానే షావుకారు నోటు తిరగరాయిస్తాడు. ఎంతకి? 1,72,000కి. ఇక అక్కణ్ణుంచి ఆ 72,000 కూడా అసలే. ఇంకో మూడేళ్ళు ఏమీ కట్టకపోతే బాకీ 2,95,840 అవుతుంది. మొదటి నుంచీ బారువడ్డీయే అయితే 2,44,000తో పోయేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోటు తిరగరాసినందుకు 51,840 రూపాయలు తేడా. చక్రవడ్డీ అంటే ఇదే. అప్పులో ఉన్నప్పుడు మనల్ని తినేది, దాచుకున్నప్పుడు మనకి వండిపెట్టేది కూడా ఇదే. కాకపోతే దానికి టైము కావాలి.

ఇప్పుడు నోటిలెక్క ఒకటి. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే, వడ్డీకి వడ్డీ కలిసినప్పుడు డబ్బు రెట్టింపు కావడానికి పట్టే కాలం సుమారుగా వచ్చేస్తుంది. నెలకి రూపాయి వడ్డీ అయితే 72 నెలలు, రెండు రూపాయలైతే 36. ఏడాది లెక్కకీ అదే పద్ధతి. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రాలున్నాయి కదా, వాటికి 2023 ఏప్రిల్ నుంచి 7.5 శాతం వడ్డీ, 115 నెలల్లో రెట్టింపు. 72ని 7.5తో భాగించు. 9.6 ఏళ్ళు, అంటే 115 నెలలు. అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అదే పత్రం 1988లో కొత్తగా వచ్చినప్పుడు ఐదున్నరేళ్ళకే రెట్టింపయ్యేది. అప్పటి రేటు ఎంతో నువ్వే వెనక్కి లెక్కేసుకో. 13 పైచిలుకు వస్తుంది. ఈ సూత్రం రెండువైపులా పనిచేస్తుందన్నమాట. ఎవరైనా "మూడేళ్ళలో డబుల్, గ్యారంటీ" అన్నాడంటే ఏడాదికి సుమారు 24 శాతం ఇస్తానంటున్నాడు. పోస్టాఫీసు ఏడున్నర ఇస్తున్న రోజుల్లో నీకు 24 గ్యారంటీగా ఇచ్చేవాడికి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో అడుగు. సమాధానం సూటిగా రాకపోతే కాఫీ తాగి లేచొచ్చెయ్.

ఇక నీ పాలసీ. ఏటా లక్ష చొప్పున ఇరవై కంతులు, ఇరవయ్యో ఏడు నిండాక 37 లక్షలు. ఆ ఏజెంటు అబ్బాయి నీకు "85 శాతం లాభం మేడమ్" అన్నాడట. 20 మీద 17 లాభం అంటే 85 శాతమే, అబద్ధం చెప్పలేదు. పోనీ 85ని ఇరవయ్యేళ్ళతో భాగించి "నాలుగుంపావే కదా" అని నువ్వు వాణ్ణి నిలదీస్తే, అది మళ్ళీ వాడికి అన్యాయం. ఎందుకంటే నీ 20 లక్షలూ ఇరవయ్యేళ్ళు వాళ్ళ దగ్గర లేవు. మొదటి లక్ష ఇరవయ్యేళ్ళుంటుంది, ఆఖరి లక్ష ఒక్క ఏడాదే ఉంటుంది. సగటున పదిన్నరేళ్ళు. ప్రతి లక్ష పక్కనా దాని తేదీ వేసి, అన్నీ కలిసి చివర్లో 37 కావాలంటే ఏ రేటున పెరగాలి అని చూస్తే, ఐదున్నర శాతం దగ్గర తేలుతుంది. 85 కాదు, నాలుగుంపావు కాదు, ఐదున్నర.

అది మంచిదా చెడ్డదా అంటే పక్కన ఇంకోటి పెట్టి చూడాలి. పీపీఎఫ్‌కి 2020 నుంచి 7.1 శాతం ఇస్తున్నారు. పదిహేనేళ్ళకి ఐదేళ్ళు పొడిగించుకుని, ఇదే రేటు చివరిదాకా ఉందనుకుంటే, అదే లక్ష చొప్పున కట్టిన డబ్బు 44 లక్షలు దాటుతుంది. రేటు మారొచ్చు, అది వేరే సంగతి. పాలసీ డబ్బుకి పన్ను లేదన్నాడా? షరతుల మేరకు నిజమే. పీపీఎఫ్‌కీ లేదు. మరి ఆ ఏడు లక్షల తేడా ఎందుకు వదులుకుంటున్నట్టు? బీమా ఉంది కదా అంటావు. ఉంది. కానీ నీ వయసులో ఉత్త టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటే ఇంతకన్నా పెద్ద బీమా చాలా తక్కువ ప్రీమియానికి వస్తుంది. బీమా బీమాగా, దాచుకోవడం దాచుకోవడంగా ఉంటే లెక్క కళ్ళకి కనిపిస్తుంది. రెండూ కలిపి రుబ్బితే ఎవరికీ కనపడదు. కలిపి అమ్మేది అందుకేనని నా అనుమానం, పెద్దవాణ్ణి కదా, ఆమాత్రం అనుమానం ఉంటుంది.

ఫ్లాటు సంగతి ఇంకా రుచిగా ఉంది. నాలుగేళ్ళ తర్వాత అప్పజెప్పే 60 లక్షల ఫ్లాటు, ఇప్పుడే మొత్తం కట్టేస్తే 45 లక్షలకే. పావు వంతు తగ్గింపు! వినగానే నాకూ నోరూరింది. అప్పుడు తేదీలు రాశాను. ఇవాళ 45 పోతుంది, నాలుగేళ్ళకి 60 విలువైనది వస్తుంది. ఏడాదికి ఏడున్నర శాతం. నువ్వు బ్యాంకు లోను తీసుకుని కడతానంటున్నావు, దానికి ఎనిమిదిన్నర. ఆ ఎనిమిదిన్నర దగ్గర నీ 45 లక్షలు నాలుగేళ్ళకి 62 లక్షలు దాటతాయి. అంటే 60 లక్షల ఫ్లాటుని నువ్వు 62కి కొంటున్నావు, "తగ్గింపు"లో! వెనక నుంచి చూసినా అంతే. నాలుగేళ్ళ తర్వాతి 60 లక్షల్ని ఎనిమిదిన్నరతో ఇవాళ్టికి దింపితే 43 లక్షల చిల్లరే. రేపటి డబ్బుని ఇవాళ్టి ధరకి దించడానికి భాగాహారం చాలు. ఏడాదికోసారి 1.085తో భాగించుకుంటూ పో, నాలుగుసార్లు.

అదీ నాలుగేళ్ళకే అప్పజెప్తే. రెండేళ్ళు ఆలస్యమైతే నీ ఏడున్నర ఐదు శాతం లోపుకి పడిపోతుంది. ఈలోగా కూకట్‌పల్లిలో అద్దె నీదే, ఈఎమ్ఐ నీదే. ఆ 60 అనే అంకె కూడా వాళ్ళు వేసిందే కదా. ఇంకోటి, బ్రోచరంతా తిరగేశాను, రెరా నంబరు ఎక్కడా లేదు. 2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం అంత పెద్ద ప్రాజెక్టుని రెరాలో నమోదు చేయించకుండా అమ్మడానికే లేదు. ఆ తర్వాతైనా, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చెయ్యకుండా ధరలో పదో వంతుకి మించి తీసుకోకూడదు. మొత్తం 45 ముందే అడుగుతున్నవాళ్ళని నేనేమనాలి? ఇక్కడ లెక్కతో పని కూడా లేదు.

పెళ్ళిళ్ళలో మన చుట్టాలు చెప్పే కథలు నిన్ను కంగారు పెడుతున్నాయని అర్థమైంది. "1995లో 60 వేలకి కొన్న స్థలం ఇప్పుడు 30 లక్షలు!" యాభై రెట్లు. నోరు తెరవాల్సిందే. కానీ తేదీలు ఉన్నాయిగా, లెక్కెయ్. రెట్టింపు, మళ్ళీ రెట్టింపు అంటూ పోతే ఐదుసార్లకి 32 రెట్లు, ఆరుసార్లకి 64. యాభై అంటే ఐదున్నర పైన. ముప్పై ఏళ్ళలో ఐదున్నరసార్లంటే ఒక్కో రెట్టింపుకి ఐదేళ్ళ పైచిలుకు, అంటే సుమారు 14 శాతం. చాలా మంచి రాబడే, కాదనను. కానీ అద్భుతం కాదు. పైగా రిజిస్ట్రేషను, ప్రహరీ, హద్దుల తగాదాకి వకీలు ఫీజు ఇందులో కలపలేదు. అదే వెంచర్లో అమ్ముడుపోని ప్లాటు ఉన్నవాళ్ళు పెళ్ళిలో ఆ మాట ఎత్తరు, పప్పులో నెయ్యి వేయించుకుని తింటారు.

బంగారమూ అంతే. 1990లో పది గ్రాములు మూడు వేల పైన, 2020లో 48 వేల పైన. పదిహేను రెట్లు! ముప్పై ఏళ్ళకి తొమ్మిదిన్నర శాతం లోపే. నగ చేయించుకుంటే తరుగు, మజూరీ పోను మొదటి ఏడాదో ఏడాదిన్నరో ఆ లోటు పూడ్చుకోవడానికే సరి. మీ పెద్దమ్మకి ఈ వాక్యం చూపించకు.

షేర్ల గురించి రెండు ముక్కలు. సెన్సెక్స్ 1979లో 100 దగ్గర లెక్క మొదలై 2024 జులైలో 80 వేలు దాటింది. ఎనిమిది వందల రెట్లు. నలభై ఐదేళ్ళకి పంచితే ఏడాదికి 16 శాతం దరిదాపు, డివిడెండ్లు కాక. అయితే అది ఏటా బుద్ధిగా 16 ఇవ్వలేదు. 2008 జనవరిలో 21 వేలు తాకింది, 2009 మార్చికి 8 వేల దగ్గరికి జారింది. ఇక్కడో మోసముంది చూడు. వంద రూపాయలు 60 శాతం పడితే 40. అది 60 శాతం పెరిగితే 64. సగటు తీస్తే సున్నా, చేతిలో 64. మళ్ళీ వంద కావాలంటే 150 శాతం పెరగాలి. పెరిగింది కూడా, 2010 నవంబరుకి మళ్ళీ 21 వేలకి వచ్చింది. కానీ 2009లో పిల్ల ఫీజుకో ఆపరేషనుకో అమ్ముకోవాల్సి వచ్చినవాడికి ఆ నవంబరు వల్ల ఏం ఒరిగింది? అందుకే ఫండ్ కాగితం మీద "సగటు రాబడి" అని కనిపిస్తే, ఏడాదికి చక్రవడ్డీ లెక్కన ఎంతో అడుగు. రెండేళ్ళలో కావాల్సిన డబ్బు అటు పెట్టకు.

అప్పుల్లోనూ ఇదే తేదీల గారడీ. మీ తమ్ముడు బండికి లక్ష లోను "12 శాతం ఫ్లాటు" మీద తీసుకున్నాడట, పన్నెండు కంతులు, ఒక్కోటి 9,333. నెలనెలా అసలు తీరిపోతున్నా వడ్డీ మాత్రం ఆఖరిదాకా పూర్తి లక్ష మీదే వేశారు. తేదీలు వేసి చూస్తే అసలు రేటు ఇరవై ఒకటిన్నర. వాడికి నేను చెప్తాలే.

పన్నూ ధరలూ మర్చిపోకు. ఎఫ్‌డీ 7 శాతం, నీది 20 శాతం శ్లాబు అనుకుంటే, సెస్సు పక్కన పెట్టినా మిగిలేది 5.6. ఆ ఏడు ధరలు 5 శాతం పెరిగితే నీకు నిజంగా మిగిలింది అరశాతం చిల్లర. ఎఫ్‌డీ వద్దని కాదు, ఆపదకి పనికొచ్చే డబ్బు అక్కడే ఉండాలి. అది పెరుగుతోందని మాత్రం అనుకోకు.

ఇవన్నీ చేత్తో వెయ్యక్కర్లేదు. ఎక్సెల్ తెరిచి ఒక వరసలో తేదీలు, పక్క వరసలో డబ్బు రాయి. కట్టేది మైనస్, వచ్చేది ప్లస్. ప్రాసెసింగ్ ఫీజు, స్టాంపు డ్యూటీ, ఏజెంటుకిచ్చిన చాయ్‌పానీ, అన్నీ ఏ రోజువి ఆ రోజు వెయ్యి. కింద ఎక్స్‌ఐఆర్‌ఆర్ అని ఫార్ములా కొట్టు. అది ఇచ్చే ఒక్క అంకే నిజం, బ్రోచరు మీది అంకెలన్నీ అలంకారం.

చివరగా, ఆ పాలసీ బాండు నీ చేతికొచ్చిన తేదీ ఏది? 2024 నుంచి నిబంధన ప్రకారం బాండు అందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే తిరిగిచ్చెయ్యొచ్చు. ఆ కొన్నాళ్ళ బీమాకి, మెడికల్ పరీక్షకి, స్టాంపుకి అయిన కొంత పట్టుకుని మిగతా ప్రీమియం వెనక్కిస్తారు. కవరు మీద పోస్టు ముద్ర గానీ, మెయిలు వచ్చిన తేదీ గానీ చూసి ఇవాళ సాయంత్రంలోగా నాకు చెప్పు. ఇచ్చెయ్యాలనుకుంటే ఉత్తరం నేను రాసిపెడతాను, నువ్వు సంతకం పెట్టి బ్రాంచిలో ఇచ్చి, ముద్ర కొట్టించిన నకలు మర్చిపోకుండా తెచ్చుకో.

మీ పెదనాన్న